చదవదగ్గ పన్నెండు జీవితాలు

గ్రంథాలయంలో మెట్లు దిగి వెళ్ళాల్సిన గది ఒక్కటే. ఆ గదిలో చిరిగిన పుస్తకాలకు కుట్లు వేసే మనిషీ ఒక్కడే. పాఠకులు అతన్ని జిగురాయన అనేవారు. ఎదుట అన్నా వెనక అన్నా అతనికి కోపం రాదు. ఇరవై ఆరేళ్ళుగా జిగురు గోళ్ళలోకి ఇంకిపోయిన మనిషికి ఇంకో పేరు ఎవరు పెడతారు?

గదిలో ఒక పొడుగాటి బల్ల. దాని మీద సూదులు, మైనం పట్టించిన దారం ఉండలు, రెండు కత్తులు, జిగురు గిన్నె. మూలన పుస్తకాలను అదిమిపెట్టే ఇనుప చట్రం. పైన చక్రం బిగిస్తే ఎంత లావు పుస్తకమైనా కిక్కురుమనకుండా పడుండాల్సిందే. గోడకు సగం ఎత్తులో ఒక కిటికీ, కిటికీ అవతల మెట్ల మలుపు. జిగురాయన పరువంతా ఆ కిటికీలోనే ఉంది.

ఎలాగంటే, ఆరో తరగతి సగంలో బడి మానేసిన ఈ మనిషి ఆ గ్రంథాలయంలో ఉన్న జీవిత చరిత్రలూ ఆత్మకథలూ ఒక్కటి వదలకుండా చదివాడు. చిరిగి వచ్చిన పుస్తకాన్ని విప్పేటప్పుడు కొంత, కుట్టేటప్పుడు కొంత, అట్ట ఆరేలోగా మిగతాదంతా. నవలలు ముట్టుకోడు. "లేని మనుషుల ఏడుపులు మనకెందుకయ్యా, పుట్టి చచ్చినవాళ్ళవి చాలవా" అంటాడు. పైన అద్దాల బీరువాల ముందు నిలబడి ఏది తీయాలో పాలుపోనివాళ్ళు మెట్లు దిగి ఆ కిటికీ దగ్గరికి వచ్చేవారు.

"ఉద్యోగం పోయిందండీ, నిద్ర పట్టట్లేదు. ఏదైనా చెప్పండి" అంటే, మూడు ఓడలు మునిగినా నాలుగో ఓడెక్కిన వంటవాడి కథ చెప్పేవాడు. "మా అమ్మ పోయి ఏడాదైంది, ఇప్పటికీ కోపం తగ్గలేదు" అని ఒక టీచరమ్మ అంటే, తల్లితో పదకొండేళ్ళు మాట్లాడని ఒక జడ్జమ్మ రాసుకున్న జ్ఞాపకాలు తీసుకోమనేవాడు. "డాక్టరు చీటీ రాసినట్టు రాస్తావయ్యా నువ్వు" అని బస్సు డ్రైవరు నవ్వేవాడు. ఆ చీటీ గురి తప్పలేదు. నచ్చనిదాన్ని ఏనాడూ మంచిదనలేదు, మంచిదాన్ని ఏనాడూ దాచలేదు. చదువు అబ్బని మనిషికి ఉన్న ఆస్తల్లా అదే, దాని మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు.

అలాంటి మనిషి కంట్లో నలుసు పడింది. పడేసింది తోడల్లుడు.

తోడల్లుడు ఆసుపత్రిలో లిఫ్టు నడిపి రిటైరైన మనిషి. ఇద్దరూ అక్కాచెల్లెళ్ళను చేసుకున్నారు. జిగురాయనకి పెద్దమ్మాయి, లిఫ్టాయనకి చిన్నమ్మాయి. లిఫ్టాయన ఐదో తరగతితోనే ఆగాడు. అంటే చదువులో జిగురాయనకంటే అర సంవత్సరం వెనక. ఆ అర సంవత్సరాన్ని జిగురాయన ఇరవై ఎనిమిదేళ్ళు అట్టేసి దాచుకున్నాడు. లిఫ్టాయన ఇల్లు పెద్దది, నవ్వు పెద్దది, యాభై తొమ్మిదేళ్ళొచ్చినా జుట్టు నిగనిగలాడుతుంది. అయితే ఏం? అత్తగారు ఉన్నన్నాళ్ళూ చుట్టాలందరి ముందూ "మా పెద్దల్లుడు పుస్తకాల మనిషి" అనేది. వాడికి అవన్నీ ఉన్నాయి, నాకు ఈ ఒక్క మాట ఉంది, చెల్లుకు చెల్లు అని సరిపెట్టుకున్నాడు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం లిఫ్టాయన పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం.

"అన్నయ్యా, కళ్ళు మూసుకో" అన్నాడు.

"ఈ వయసులో కళ్ళు మూసుకోమనకు, తెరుచుకుంటాయో లేదో" అన్నాడు జిగురాయన.

పొట్లంలోంచి పుస్తకం బయటపడింది. నీలం అట్ట. 'పైకా, కిందికా' అని పేరు. కింద చిన్న అక్షరాల్లో 'ఒక లిఫ్టువాడి జ్ఞాపకాలు'. ఇంకా కింద తోడల్లుడి పేరు.

"మూడేళ్ళు వంటింట్లో కూర్చుని రాశారు బావగారూ" అంది మరదలు. "నాకు గరిటె పెట్టుకునే చోటు లేకుండా కాగితాలు పరిచేవారు. రిటైరైన మనిషికి ఏదో ఒక పిచ్చి ఉండాలిగా, తాగుడుకంటే నయమని ఊరుకున్నా."

జిగురాయన పుస్తకాన్ని అందుకున్నాడు. మొదటి పేజీ తెరవలేదు. వెన్ను పట్టుకుని వంచి చూశాడు.

"కుట్టు లేదు. ఉత్త జిగురు. నాలుగు చేతులు మారితే ఆకులన్నీ రాలతాయి."

"రాలితే కుట్టడానికి నువ్వు లేవూ?" అని పకపకా నవ్వాడు లిఫ్టాయన.

"అదేంటండీ" అంది జిగురాయన భార్య. "పిల్లని చూపిస్తే మొహం చూడకుండా వెన్నెముక నొక్కుతారేంటి? మీరేమన్నా డాక్టరా?"

అందరూ నవ్వారు. జిగురాయన కూడా పెదాలు సాగదీశాడు. అదే నవ్వని వాళ్ళనుకున్నారు.

ఆ రాత్రి పుస్తకం బట్టల బీరువా మీదికి, బోర్లా, చేరింది. మర్నాటికి కిందికి దిగింది. దింపింది భార్య. పనులు చేసుకుంటూ నాలుగు రోజులు చదివింది. వంటింట్లోంచి ఉన్నట్టుండి నవ్వు వినిపించేది. ఒకసారి ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా వినిపించింది.

"ఏవండీ, ఈ ముక్క వినండి..."

"నాకు పనుంది."

"కుర్చీలో కాళ్ళూపుతూ కూర్చున్నారు, ఏం పని?"

అతనికి ఏం పనో ఆవిడకు తెలియదు. అతను లోపల కాలుతున్నాడు. ఆరువందల పైచిలుకు జీవితాలు చదివిన వాడు తను. పుస్తకం అంటూ రాస్తే తను రాయాలి. నిజానికి మొదలుపెట్టాడు కూడా, ఒక నోటుబుక్కులో మూడుసార్లు. మూడుసార్లూ పుట్టడం వరకే వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే గొప్పవాళ్ళ పుట్టుకలు ఎన్ని రకాలుగా మొదలవుతాయో అతనికి బాగా తెలుసు, వాటి పక్కన తన పుట్టుక కంటికి ఆనలేదు. ఏమీ తెలియని వాడికి ఆ భయం లేదు. పేపరు చదివినా పెదాలు కదిపే మనిషి, కూర్చున్నాడు, రాసేశాడు!

ఇంట్లో ఉన్నంతవరకూ ఓర్చుకోవచ్చు. నెల తిరక్కుండానే ఆ పుస్తకం గ్రంథాలయానికి కూడా వచ్చింది.

అప్పటికి గ్రంథాలయంలో కొత్త మేడం చేరి అర్ధ సంవత్సరమైంది. ముప్పై అయిదేళ్ళ మనిషి, మాట తక్కువ, లెక్క ఎక్కువ. గ్రంథాలయం పెట్టి యాభై ఏళ్ళవుతోందని ఆవిడ సిబ్బంది అందరినీ పిలిచి చెప్పింది. గుమ్మంలో ఒక పెద్ద బోర్డు పెడతారట. దాని మీద 'చదవదగ్గ పన్నెండు జీవితాలు' అని జీవిత చరిత్రలూ జ్ఞాపకాలూ వరసగా రాస్తారట. అదే జాబితా అచ్చువేసి అన్ని శాఖలకూ పంపుతారట.

జిగురాయన గుండె ఒక మెట్టు పైకెక్కింది. ఇది తన పని. ఇరవై ఆరేళ్ళుగా కిటికీలోంచి చేస్తున్న పని. ఆవిడ తనను అడక్క ఇంకెవరిని అడుగుతుంది? మర్నాటి నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పన్నెండు పేర్లు మనసులో వరసపెట్టుకున్నాడు, మార్చాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

పదకొండో రోజు మేడం మెట్లు దిగి వచ్చింది. అతను గబగబా స్టూలు తుడిచాడు. ఆవిడ కూర్చోలేదు.

"మీ మరమ్మతు రిజిస్టరు ఎక్కడుంటుంది?"

చూపించాడు. ఏ పుస్తకం ఏ తేదీన చిరిగి వచ్చింది, ఏ తేదీన బాగుపడి వెళ్ళింది అని రాసే లావుపాటి బుక్కు అది. ఆవిడ నిలబడే పేజీలు తిప్పింది.

"ఇక మీద ఒక్కటీ వదలకుండా రాయండి. మూడు నెలల తర్వాత నాకు కావాలి."

"అలాగే మేడం. ఇంకేమన్నా..."

"అంతే" అని వెళ్ళిపోయింది.

జిగురు ఎంత వాడుతున్నానో చూస్తోంది కాబోలు అనుకున్నాడు జిగురాయన. ఇస్త్రీ చొక్కా ఆ రోజే ఆఖరు.

అదే వారం పై కౌంటరు గుమస్తా ఒక పుస్తకం పట్టుకుని దిగాడు. నీలం అట్ట. మధ్యలో నాలుగు ఆకులు వేలాడుతున్నాయి.

"ఇది మీ తోడల్లుడిదటగా మాస్టారూ! జనం ఎగబడుతున్నారు. వచ్చి ఇరవై రోజులు కాలేదు, అప్పుడే ఊడింది చూడండి. చెప్పకూడదు గానీ, ఇన్ని పుస్తకాలు చదివారు, మీరూ ఒకటి రాయకూడదూ?"

పుండు మీద కారం చల్లాలంటే కారం చేతిలో ఉండక్కర్లేదు, మాట చాలు. గుమస్తా ఈల వేసుకుంటూ మెట్లెక్కిపోయాడు. జిగురాయన పుస్తకాన్ని బల్ల మీద పెట్టి రిజిస్టరులో తేదీ రాశాడు. పాత జిగురు గీకి, వెన్ను పక్కన రంధ్రాలు పొడిచి, సూదిలో దారం ఎక్కించాడు. ఎనిమిది కుట్లు పడాలి. ఆరు వేశాడు. కింది రెండూ వదిలేశాడు. జిగురు నీళ్ళలా పల్చగా పూశాడు.

ఇరవై ఆరేళ్ళలో అతను దొంగపని చేయడం అదే మొదలు. చేతులు ఒప్పుకోలేదు. ముడి వేసేటప్పుడు వేళ్ళు తమంతట తామే కింది రంధ్రం కోసం వెతికాయి. వాటిని బలవంతాన వెనక్కి లాక్కున్నాడు. ఆపైన చట్రంలో పెట్టి చక్రం బిగించాడు. రెండు రోజుల్లో ఆరాల్సిన పుస్తకాన్ని పన్నెండు రోజులు ఉంచాడు.

"లిఫ్టు పుస్తకం ఉందా?" అని కిటికీ దగ్గర ఎవరైనా అడిగితే "మరమ్మతులో ఉంది. నాసిరకం కట్టుబడి. ఈలోగా ఇది చదవండి" అని ఇంకో జీవితం అంటగట్టేవాడు.

పైకి వెళ్ళిన పుస్తకం వారం తిరక్కుండా మళ్ళీ ఊడి వచ్చింది. మళ్ళీ రిజిస్టరు, మళ్ళీ చట్రం. అలా మూడు నెలల్లో ఐదుసార్లు. పుస్తకం పైన ఉన్న రోజులకంటే ఇనుప చక్రం కింద ఉన్న రోజులే ఎక్కువ. చక్రం బిగించిన ప్రతిసారీ జిగురాయనకు కాస్త ఊపిరాడేది.

ఒక్కసారి మాత్రం ఆడలేదు. టైలరమ్మ వచ్చిన రోజు. ఆవిడ భర్త రెండు నెలలుగా ఆసుపత్రిలో ఉన్నాడు.

"పొద్దున్నే పోతా, సాయంత్రం వస్తా. అక్కడ ఎవరి గొడవ వాళ్ళది, మాట్లాడే దిక్కుండదు. ఆ లిఫ్టులోనే నా బతుకు తెల్లారిపోతోందనుకోండి. చేతిలో పట్టుకోడానికి ఏదన్నా ఇవ్వండి" అంది.

నీలం అట్ట పుస్తకం అతని మోచేతికి జానెడు దూరంలో చట్రంలో ఉంది. ఆరిపోయి నాలుగు రోజులైంది. అతను దాన్ని చదవలేదు గానీ, ఈవిడకు కావాల్సింది అదేనని తెలియడానికి చదవక్కర్లేదు. "తేనెటీగలు పెంచిన ఒకాయన కథ ఉంది, తీసుకోండి, హాయిగా ఉంటుంది" అన్నాడు.

మూడో రోజే ఆవిడ తెచ్చి ఇచ్చేసింది. "బాగానే ఉందండీ, మనసు నిలవలేదు. ఈసారి మీ మందు పని చేయలేదు" అని నవ్వి, మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ నవ్వులో నిష్ఠూరం కూడా లేదు. ఉన్నా బాగుండేదని జిగురాయనకు అనిపించింది.

మూడు నెలలూ నిండాయి. మేడం రిజిస్టరు పట్టుకెళ్ళింది. వారానికల్లా గుమ్మంలో బోర్డు వెలిసింది. పొద్దున డ్యూటీకి వచ్చిన జిగురాయన దాని ముందు ఆగాడు. 'చదవదగ్గ పన్నెండు జీవితాలు'. రెండోది, చూపు లేకుండా గడియారాలు బాగుచేసిన మనిషి కథ. మూడోది, వంతెనలు కట్టిన ఇంజనీరమ్మ జ్ఞాపకాలు. రెండూ అతను పెట్టుకున్న పన్నెండులో ఉన్నవే. మొదటిది చూడ్డానికి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

'పైకా, కిందికా.'

కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నాడు. అక్షరాలు మారలేదు.

అప్పుడే వచ్చిన మేడం పక్కన నిలబడింది. "ఎలా ఉంది?"

"ఇది... ఇవి ఎవరు ఎంచారు మేడం?"

"మీరే" అంది ఆవిడ. "ఎవరినైనా అడిగితే గొప్పకోసం గొప్పవాళ్ళ పుస్తకాలే చెబుతారు. తీసుకెళ్ళి చదవకుండా తెచ్చిచ్చేవాళ్ళు ఎందరు లేరు? అందుకే మీ రిజిస్టరు చూశాను. చిరిగిందంటే చదివారన్నమాట. మిగతావి మూడు నెలల్లో రెండుసార్లో మూడుసార్లో వచ్చాయి. ఇదొక్కటే ఐదుసార్లు! ఇక దానికి పోటీ ఏముంది?"

జిగురాయన ఐదుసార్లు దాన్ని తొక్కిపెట్టాననుకున్నాడు. ఐదుసార్లూ తన చేత్తో, తన దస్తూరీతో, తేదీ వేసి మరీ భుజాలకెత్తుకున్నాడు.

ఆ సెలవు రోజు భార్య చెల్లెలింటికి వెళ్ళింది. జిగురాయన బీరువా మీద చెయ్యి తడిమి, ఆవిడ చదివి మళ్ళీ పెట్టిన పుస్తకం దించాడు. చదవడానికి కాదని తనకు తాను చెప్పుకున్నాడు. ఇందులో తన గురించి వాడేం కూశాడో చూడాలి. ఆసుపత్రి కబుర్లలో తోడల్లుడి వెటకారాలు ఎక్కడో ఉండే ఉంటాయి. దొరికితే వదలకూడదు.

ఒకటో పేజీ నుంచి వేలు పెట్టి వెతకడం మొదలుపెట్టాడు. ఇరవయ్యో పేజీ దాకా వేలు కదిలింది. తర్వాత వేలు ఆగిపోయింది, కళ్ళే కదిలాయి.

లిఫ్టాయన పెద్ద మాటలు రాయలేదు. 'లిఫ్టులో ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. అందరూ తలుపు వైపే చూస్తారు. నేను వాళ్ళ వీపులు చదవడం నేర్చుకున్నాను. డాక్టరు మంచి మాట చెప్పిన వీపు వేరు, చెప్పని వీపు వేరు. రోగికి ఎలా ఉందని నేను ఎవరినీ అడగలేదు. పైకా కిందికా అని మాత్రమే అడిగాను. ఒకాయన మూడో అంతస్తు అన్నాడు. తలుపు తీస్తే దిగలేదు. కిందికి పోనీ అన్నాడు. కింద దిగలేదు, మళ్ళీ మూడు అన్నాడు. అలా పదకొండుసార్లు తిప్పాను. పన్నెండోసారి దిగాడు. దిగేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి తీశాడు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ ఉంది.'

జిగురాయన పుస్తకం మూశాడు. ఆరువందల జీవితాలు మోసిన బుర్ర అది, తక్కెడ అబద్ధం చెప్పదు. పుస్తకం బాగుంది. బాగుండటం అలా ఇలా కాదు. అబ్బా, వాడు రాయకపోతే ఎంత బాగుండేది!

మళ్ళీ తెరిచి చివరిదాకా చదివాడు. ఒక అధ్యాయమంతా అత్తగారి గురించే. ఆవిడ ఆఖరి రోజుల్లో నాలుగో అంతస్తులో పందొమ్మిది రోజులుంది. ఊసుపోక చక్రాల కుర్చీలో వచ్చి, లిఫ్టులో అల్లుడి స్టూలు పక్కన కూర్చుని రెండు మూడుసార్లు కిందికీ పైకీ తిరిగేదట. అందులో జిగురాయన భార్య ఉంది. మరదలుంది. వాళ్ళ వీధి చివర కిళ్ళీ కొట్టువాడు ఉన్నాడు. ఒక రోజు సెక్యూరిటీ కళ్ళుగప్పి లోపలికొచ్చిన కుక్క కూడా ఉంది, ఒకటిన్నర పేజీ. జిగురాయన లేడు. వెటకారంగా లేడు, మెచ్చుకోలుగా లేడు, పేరుకైనా లేడు. కుక్కపాటి చెయ్యలేదన్నమాట!

సాయంత్రం జిగురాయన భార్యను దింపడానికి లిఫ్టాయన కూడా వచ్చాడు. బోర్డు సంగతి అప్పటికే తెలిసినట్టుంది, మొహం వెలిగిపోతోంది.

"అన్నయ్యా, అంతా నీ చలవే! ఐదుసార్లు కుట్టావటగా! మా ఆవిడతో చెప్పా, అన్నయ్య లేకపోతే మన పుస్తకం చెత్తబుట్టలో ఉండేదని."

జిగురాయన ఉండబట్టలేక అడిగేశాడు. "అందరి గురించీ రాశావు. కుక్కని కూడా వదల్లేదు. నా గురించి ఒక్క ముక్క లేదే?"

"చదివావా!" లిఫ్టాయన మొహం ఇంకా వెలిగింది. తర్వాత కాస్త ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "నా లిఫ్టెక్కిన వాళ్ళ గురించే రాశానన్నయ్యా. నువ్వు ఎప్పుడూ ఎక్కలేదుగా. అత్తయ్యని చూడ్డానికి పందొమ్మిది రోజులూ మెట్లమీదే వచ్చావు, మెట్లమీదే పోయావు. నీకు లిఫ్టంటే భయమేమో అనుకున్నా. భయమున్న మనిషిని నలుగురిలో రమ్మని పిలిస్తే చిన్నతనంగా ఉంటుందని పిలవలేదు. పుస్తకంలో రాస్తే మరీ బాగోదని రాయలేదు."

"భయమా? ఆయనకా?" అంది భార్య నవ్వుతూ. "నాతో డాక్టరు నడవమన్నాడని చెప్పారే!"

నిజానికి డాక్టరూ లేడు, భయమూ లేదు. తోడల్లుడు మీట నొక్కితే తను పైకి పోవడమేమిటన్న ఒక్క పట్టింపుతో జిగురాయన రోజూ నాలుగు అంతస్తులు ఆయాసపడుతూ ఎక్కాడు. వీడు దానికి కూడా ఒక మర్యాద వెతికిపెట్టాడు. వీడి మంచితనం మండ! తిట్టినా సుఖంగా ఉండేది.

మర్నాడు అతను కింది గదికి వెళ్ళలేదు. తిన్నగా మేడం గదికి వెళ్ళాడు. తన కన్ను ఒకటి పోయినా సరే, ఎదుటివాడివి రెండూ పోతే చాలనుకునే స్థితికి వచ్చేశాడు.

"ఆ పుస్తకం ఐదుసార్లు చిరగలేదు మేడం" అన్నాడు. "మొదటిసారి నిజంగానే ఊడింది. ఆ తర్వాత నేనే సరిగ్గా కుట్టలేదు. కావాలనే. అది పైకి రాకూడదని. జాబితా తప్పు. కొట్టేయండి."

మేడం కలం కింద పెట్టింది. కాసేపు అతని చేతుల వైపు చూసింది, మొహం వైపు కాదు.

"ఎందుకు?"

"తోడల్లుడు" అన్నాడు. ఆవిడకూ అక్కడే అర్థమైనట్టుంది.

ఆవిడ సొరుగు లాగి ఒక చీటీల కట్ట బల్ల మీద పడేసింది. "ఇవి ఆ పుస్తకం కావాలని పేరు రాయించుకుని ఎదురుచూస్తున్న వాళ్ళవి. ముప్పై ఒక్క మంది. పుస్తకం ఎప్పుడూ మీ దగ్గరే ఎందుకుంటోందా అని నేను ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. కట్టుబడి మంచిది కాదేమో అనుకున్నా. మీ చేతి మీద అంత నమ్మకం."

జిగురాయన తల వంచుకున్నాడు. కట్టలో పైనుంచి మూడో చీటీ మీద టైలరమ్మ పేరు కనిపించింది.

"ఈ ముప్పై ఒక్క మందికీ మీ చేత్తోనే పుస్తకం ఇవ్వాలి. ఇంతకాలం ఎందుకు ఆలస్యమైందో మీ నోటితోనే చెప్పాలి. ఏం చెబుతారో మీ ఇష్టం. ఇంకో కాపీ తెప్పిస్తాను." ఆవిడ జాబితా కాగితం ముందుకు లాక్కుని మొదటి పేరు మీద అడ్డంగా గీత గీసింది. "తప్పుడు లెక్కతో వచ్చింది కాబట్టి ఇది ఉండదు. మీరు కోరుకున్నదీ అదే కదా."

గీత చూస్తే జిగురాయన కడుపు చల్లబడాలి. ఒక్క క్షణం చల్లబడింది కూడా.

"రేపు అచ్చుకు పోవాలి" అంది మేడం. "పన్నెండు చోట్లున్నాయి, పదకొండు పుస్తకాలున్నాయి. ఇక ఆ రిజిస్టరును నేను నమ్మను. పైనున్న పాఠకులంతా కిందికొచ్చి మిమ్మల్నే అడుగుతారట, తప్పుగా చెప్పిన రోజు లేదట. గుమస్తా చెప్పాడు. మీరు చెప్పండి. ఏది పెట్టమంటారు?"

ఇన్నాళ్ళూ ఏ ప్రశ్న కోసం చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నాడో ఆ ప్రశ్న ఇదే. వచ్చింది, రాకూడని రోజున వచ్చింది.

ఓడ వంటవాడు నాలుక చివర ఉన్నాడు. జడ్జమ్మ ఉంది. తేనెటీగలాయన ఉన్నాడు. వాళ్ళల్లో ఎవరిపేరు చెప్పినా ఈవిడ రాసుకుంటుంది, ఎవరూ తప్పు పట్టరు, ఆ గీత ఆ గీతలాగే ఉండిపోతుంది. నోరు తెరిచాడు. టైలరమ్మకు చెప్పినట్టే ఇంకోసారి చెప్పాలి, అంతే. అప్పుడు కిటికీలో ఒక్కరికే చెప్పాడు. ఇప్పుడు అన్ని శాఖలకూ, అచ్చులో.

నోరు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు.

"'పైకా, కిందికా'" అన్నాడు.

మేడం తలెత్తింది. "ఇప్పుడే కదండీ కొట్టేశాను!"

"అది రిజిస్టరు చెబితే కొట్టేశారు. ఇప్పుడు అడిగింది నన్ను. నేను చదివాను. అది ఉండాలి." ప్రతి మాటా దంతాల మధ్య ఇరుక్కుని ఇరుక్కుని వచ్చింది.

"అయితే మళ్ళీ మొదట్లో రాసేయనా?"

"మొదట్లో వద్దు!" గొంతు గదంతా వినబడేంత లేచింది. తగ్గించుకున్నాడు. "మొదట ఆ చూపులేని గడియారాలాయన ఉండాలి. ఎన్నేళ్ళు పోయినా నిలిచే పుస్తకం అది. నా మాట నమ్మండి."

"సరే. రెండోది?"

రెండు. జిగురాయన మేడం గది కిటికీలోంచి బయటికి చూశాడు. వంతెనల ఇంజనీరమ్మ పుస్తకం సగం వరకూ అద్భుతం. ఆ తర్వాత అన్నీ సన్మానాలూ శాలువాలే. ఎవరితో ఎప్పుడు కరచాలనం చేసిందో జాబితాలు. పక్కపక్కన పెట్టి తూస్తే ముల్లు ఎటు మొగ్గుతుందో అతనికి స్పష్టంగా తెలుసు. తెలిసినంత స్పష్టంగా అత్తగారి చక్రాల కుర్చీ, కుక్కా, తోడల్లుడి నల్లటి జుట్టూ కూడా కనిపించాయి.

"రెండోది ఇంజనీరమ్మది" అన్నాడు. "లిఫ్టు పుస్తకం మూడు."

మేడం కలం కాగితం మీద ఆనించి ఆగింది. ఆవిడ కూడా రెండూ చదివినట్టుంది. "మూడా? నిజంగానేనా?"

"మూడే. రాయండి మేడం" అన్నాడు జిగురాయన. "నా చేతనైనంత నిజం అంతే."

ఆవిడ మూడు అని రాసింది.